మిగతా పాస్‌పోర్టుల వరుస

(ఒక పాఠకుల సమావేశంలో ఒక విశ్రాంత ఉపాధ్యాయిని చేసిన ప్రసంగానికి రాతరూపం. మాట్లాడిన తీరు వీలైనంత వరకు అలాగే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనకాల వాళ్ళకి వినపడుతోందా? సరే.

నాకిచ్చిన అంశం "విదేశీ యాత్రానుభవాలు". ఫోటోలు ఉంటే తెర మీద వేస్తామని కూడా అన్నారు. నేనే వద్దన్నాను. టవర్ బ్రిడ్జి ముందు మా కుటుంబం దిగిన ఫోటోకీ మీ కుటుంబం దిగిన ఫోటోకీ చీర రంగు తప్ప తేడా ఏముంటుంది? (నవ్వులు) అందుకని యాత్ర గురించి కొంచెమే చెప్తాను. తిరిగొచ్చాక జరిగింది ఎక్కువ చెప్తాను. ఎందుకంటే మేం ఇంగ్లండులో ఉన్నది పద్దెనిమిది రోజులు. ఆ దేశం రాజకీయాలు మా హాల్లో కూర్చుని చూస్తున్నది దగ్గర దగ్గర పదేళ్ళు.

2016 జూన్ మొదటి వారంలో లండన్ హీత్రో ఎయిర్‌పోర్టులో దిగాం. నేను, మావారు, అప్పుడే పదో తరగతి పాసైన మా అమ్మాయి. విమానంలోనే ల్యాండింగ్ కార్డని ఒక చీటీ చేతిలో పెట్టారు. పేరు, పాస్‌పోర్టు నంబరు, ఎవరింట్లో ఉంటారు, అన్నీ రాయాలి. నేను టీచర్ని కదా, ముగ్గురివీ నేనే గుండ్రంగా రాసిపెట్టాను. దిగి నడిచి నడిచి పెద్ద హాల్లోకి వచ్చాం. అక్కడ రెండు బోర్డులు. ఒకదాని మీద యూకే, యూరోపియన్ యూనియన్ పాస్‌పోర్టులు అని ఉంది. రెండోదాని మీద "మిగతా పాస్‌పోర్టులన్నీ" అని ఉంది. మావారు ఆ బోర్డు పైకి చదివి, "పదండి, మనం మిగతా" అన్నారు.

గంటన్నర నిలబడ్డాం. పక్క వరుసలో మెరూన్ రంగు పాస్‌పోర్టులు ఇలా చూపించి అలా వెళ్ళిపోతున్నారు. వాళ్ళందరూ ఇంగ్లీషువాళ్ళు కాదు. ఒకావిడ ఫోన్లో ఇటాలియన్లో మాట్లాడుకుంటూ వెళ్ళింది. ఒక కుటుంబం ఏ భాషో నాకు ఇప్పటికీ తెలీదు. ఇరవై ఎనిమిది దేశాల వాళ్ళకి ఒకటే దారి. ఎనిమిదో తరగతి పిల్లలకి యూరోపియన్ యూనియన్ అంటే ఏమిటో నేను ఎన్నో ఏళ్ళు చెప్పాను గానీ, నాకు అది అర్థమైంది ఆ గంటన్నరలోనే. మా వంతు వచ్చాక ఆఫీసరు నన్ను ఏం పని చేస్తారని అడిగాడు. "టీచర్ని. సివిక్స్ చెప్తాను. మీ పార్లమెంటు పాఠం కూడా ఉంది" అన్నాను. ఆయన నవ్వలేదు. ముద్ర కొట్టి, "అయితే మంచి టైములో వచ్చారు" అన్నాడు.

మంచి టైమే. జూన్ 23న రెఫరెండం. యూరోపియన్ యూనియన్‌లో ఉండిపోవాలా, వెళ్ళిపోవాలా అని ప్రజలనే అడుగుతున్నారు. మా చెల్లెలు వాళ్ళది లండన్‌కి పడమటగా రెడింగ్ అనే ఊరు. మా మరిదికి అక్కడి ఆసుపత్రిలో ఉద్యోగం. వాళ్ళింట్లో ఫ్రిజ్ మీద ప్రభుత్వం ఇంటింటికీ పంపిన పుస్తకం ఒకటి ఉంది. ఉండిపోవడమే మంచిదని ప్రభుత్వమే చెప్తూ అచ్చేసింది. ఆ పుస్తకాలకి 93 లక్షల పౌండ్లు ఖర్చయిందని అప్పటికే గొడవ. మా చెల్లెలు దాని మీద పాల లెక్క రాసుకుంటోంది.

ఆ పుస్తకం పక్కనే మా మరిది పేరుతో పోలింగ్ కార్డు. నేను చేతిలోకి తీసుకుని చూశాను. "నీకెలా వచ్చింది ఓటు? నీది మన పాస్‌పోర్టే కదా?" అన్నాను. "ఇక్కడ నివాసం ఉంటున్న కామన్వెల్త్ దేశాల పౌరులందరికీ ఓటుంది వదినా. పార్లమెంటు ఎన్నికలకీ ఉంది, దీనికీ ఉంది" అన్నాడు. ఇన్నేళ్ళు సివిక్స్ చెప్పిన దాన్ని, నాకు తెలీదు. ఇంకో విషయం కూడా అప్పుడే తెలిసింది. మా చెల్లెలి పక్కింట్లో పోలండు దంపతులు ఉన్నారు. ఆవిడ మా మరిది పనిచేసే ఆసుపత్రిలోనే నర్సు. పన్నెండేళ్ళుగా అక్కడే ఉంది, పిల్ల అక్కడే పుట్టింది. ఆవిడకి ఈ రెఫరెండంలో ఓటు లేదు. యూరప్ వాళ్ళలో ఐర్లండు, మాల్టా, సైప్రస్ పౌరులకే ఉంది. అంటే హీత్రోలో మెరూన్ పాస్‌పోర్టుతో చకచకా నడిచి వెళ్ళే ఆవిడ ఆ దేశంలో ఉండాలా వద్దా అన్న దాని మీద, గంటన్నర నిలబడే పాస్‌పోర్టు ఉన్న మా మరిది ఓటేస్తాడన్నమాట. దీన్ని కాస్త గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

యాత్రలో రెండు రోజులు మాత్రం చెప్పి వదిలేస్తాను.

జూన్ 15, బుధవారం. వెస్ట్‌మినిస్టర్ వంతెన మీద నిలబడ్డాం, ఫోటోల కోసమే. కింద థేమ్స్ నదిలో చేపల పడవలు బారులు తీరి వస్తున్నాయి. వాటి మీద నైజెల్ ఫరాజ్, వెళ్ళిపోదాం అనే పక్షం. వాళ్ళకి ఎదురుగా ఇంకో పెద్ద పడవ, మైకుల్లో పాటలు. దాని మీద పాటగాడు బాబ్ గెల్డాఫ్, ఉండిపోదాం అనే పక్షం. మధ్యలో చిన్న చిన్న రబ్బరు పడవలు జెండాలు కట్టుకుని తిరుగుతున్నాయి. చేపల పడవల వాళ్ళు గొట్టాలతో వాళ్ళ మీద నీళ్ళు చిమ్ముతున్నారు. మా అమ్మాయి ఒకటే నవ్వు. నాకూ సరదాగానే ఉంది. రాజకీయం అంటే ఇంత సరదాగా ఉంటుందా అనుకున్నాను.

మర్నాడు మధ్యాహ్నం జో కాక్స్ అనే ఎంపీని ఆమె నియోజకవర్గంలోనే, వెస్ట్ యార్క్‌షైర్‌లో, వీధిలో పొడిచి, కాల్చి చంపారు. నలభై రెండు నిండలేదు. ముందు రోజు మేం వంతెన మీంచి చూసిన ఆ రబ్బరు పడవల్లో ఒకదాంట్లో ఆమె భర్త, ఇద్దరు చిన్న పిల్లలు ఉన్నారని తర్వాత పేపర్లో చదివాం. మా అమ్మాయి ఆ పేపరు మడిచి పక్కన పెట్టి ఆ రోజంతా మాట్లాడలేదు. శనివారం మాకు పార్లమెంటు లోపల చూడటానికి టికెట్లున్నాయి. వెళ్ళాం. బయట పార్లమెంట్ స్క్వేర్‌లో పూలు, కొవ్వొత్తులు, చిన్న చిన్న చీటీలు. లోపల గైడు మాకు కామన్స్ సభలో, అంటే మన లోక్‌సభ లాంటిదాంట్లో, నేల మీద రెండు ఎర్ర గీతలు చూపించింది. ఎదురెదురు పక్షాల వాళ్ళు మాట్లాడేటప్పుడు ఆ గీత దాటకూడదు. రెండు కత్తులు చాపినా ఒకదానికొకటి తగలనంత దూరం అని చెప్పుకుంటారట. 650 మంది సభ్యులకి 427 మంది కూర్చునేంత చోటే ఉందని కూడా చెప్పింది. మేం మామూలు రోజున వెళ్ళుంటే ఆ కత్తుల కథ నేను క్లాసులో నవ్విస్తూ చెప్పేదాన్ని. ఆ తర్వాత ఆ పాఠం వచ్చినప్పుడల్లా గీతల సంగతి చెప్పాను గానీ నవ్వించలేకపోయాను.

రెండో రోజు అంటే, నిజానికి దీనికన్నా ముందు జరిగింది. స్కాట్లండులోని ఎడిన్‌బరోకి రైల్లో వెళ్ళాం. యార్క్‌లో ఒక పెద్దాయన ఎక్కి మా ఎదురు సీట్లో కూర్చున్నాడు. డెబ్భై దాటి ఉంటాయి. న్యూకాసిల్లో దిగి మెట్రో పట్టుకుని సండర్లాండ్ వెళ్తాట్ట. మాది ఏ దేశమో అడిగాడు. తనది ఓడలు కట్టే ఊరు అన్నాడు. "కట్టే" అని కాదు, "కట్టిన". 1988లో చివరి షిప్‌యార్డు కూడా మూతబడింది. ఇప్పుడు కొడుకు నిస్సాన్ కార్ల ఫ్యాక్టరీలో చేస్తున్నాడు. రెఫరెండం మాట నేనే ఎత్తాను. వెళ్ళిపోదాం అనే వేస్తానన్నాడు. నాకు తెలిసిన నాలుగు ముక్కలూ అప్పజెప్పాను. "ఆ కార్లన్నీ యూరప్‌లోనే కదా అమ్ముడుపోయేది, రేపు ఫ్యాక్టరీకి ఇబ్బంది అయితే?" అన్నాను. ఆయన కిటికీలోంచి చూస్తూ, "షిప్‌యార్డులు మూసినప్పుడు నన్నెవరూ అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నారు" అన్నాడు. ఇంకా ఏదో చెప్పబోతుంటే మా అమ్మాయి నా భుజం తట్టి, "అమ్మా, డరమ్ కెథీడ్రల్!" అంది. రైలు వంతెన మీద ఉంది. కొండ మీద ఆ చర్చి ఎంత బాగుందో! నేను అటు తిరిగిపోయాను. మళ్ళీ ఇటు తిరిగేసరికి ఆయన పేపరు తెరిచాడు.

జూన్ 21న ఇంటికి చేరాం. ఆ ముందు రోజు ఎయిర్‌పోర్టులో టీవీలో కామన్స్ సభ చూపిస్తున్నారు. జో కాక్స్ కూర్చునే చోట రెండు గులాబీలు ఉంచారు. ఒకటి ఎర్రది, ఒకటి తెల్లది. అది చూస్తూనే విమానం ఎక్కాం.

ఇంటికొచ్చాక మీకందరికీ తెలిసిందే. సూట్‌కేసులు విప్పడం, ఎవరి చాక్లెట్లు వాళ్ళకి పంచడం. మిగిలిన పౌండ్లు మావారు ఒక పాత డబ్బాలో వేసి బీరువాలో పెట్టారు. ఏడు పౌండు నాణేలు, ఒక ఇరవై పౌండ్ల నోటు. "మళ్ళీ వెళ్తాం కదా" అన్నారు. నేను బడికి వెళ్ళాను. బడి తెరిచి అప్పటికే వారం దాటింది, అంచేత స్టాఫ్ రూములో నాకు కొంచెం తప్పు చేసిన భావం, కొంచెం గొప్ప. అందరూ రెఫరెండం ఏమవుతుందని అడిగారు. లెక్కల మాస్టారైతే పేపర్లో సర్వేలు చూపించి చెరి సగం అంటున్నారే అన్నారు. "సర్వేలు ఎందుకు మాస్టారూ? నేను అక్కడే ఉండి వచ్చాను. ఒక్కరంటే ఒక్కరు వెళ్ళిపోదాం అనలేదు. ఉండిపోతారు" అని చెప్పాను. ఒక్కరంటే ఒక్కరు! రైలు పెద్దాయన నాకు గుర్తు కూడా రాలేదు.

శుక్రవారం తెల్లవారుజామున నాలుగున్నరకే లేచి ఫోన్ చూశాను. అక్కడ అర్ధరాత్రి. న్యూకాసిల్ ఫలితం వచ్చింది. ఉండిపోదాం అన్నదే గెలిచింది గానీ ఏదో వెంట్రుకవాసిలో. ఆ తర్వాత కాసేపటికి సండర్లాండ్. వెళ్ళిపోదాం అని 61 శాతం. ఆ పేరు చూడగానే డరమ్ కెథీడ్రల్ కళ్ళ ముందు కదిలింది. దాని వెనకాలే ఆ పెద్దాయన పేపరు తెరిచిన చప్పుడు. బడికి వెళ్ళేసరికి తేలిపోయింది. 51.9, 48.1. కోటీ డెబ్భై నాలుగు లక్షల మంది వెళ్ళిపోదాం అన్నారు. పౌండు డాలరుతో పోలిస్తే ముప్పై ఒక్క ఏళ్ళలో ఎప్పుడూ లేనంత కిందికి పడింది. ప్రధాని డేవిడ్ కామెరాన్ రాజీనామా చేస్తానన్నాడు. నేను స్టాఫ్ రూము గుమ్మంలో కాలు పెట్టగానే లెక్కల మాస్టారు లేచి నిలబడి, "రండి టీచర్, మీరు అక్కడే ఉండి వచ్చారు కదా!" అన్నారు. (నవ్వులు) రిటైరయ్యేదాకా ఆ మాట నన్ను వదల్లేదు. ఎన్నికలు ఏ దేశానివైనా సరే, "టీచర్ గారు ఎక్కడికీ వెళ్ళి రాలేదు కదా, అయితే నమ్మొచ్చు" అనేవారు.

మేం తిరిగిన ఊళ్ళు చూసుకుంటే సంగతి తేటతెల్లం. లండన్‌లో 60 శాతం ఉండిపోదాం. రెడింగ్‌లో 58. స్కాట్లండు మొత్తం మీద 62. టూరిస్టు వెళ్ళే దారంతా ఒక పక్షమే. ఇంకో పక్షం మాకు రైలు కిటికీలోంచి కనపడి వెళ్ళిపోయింది. ఎదురు సీట్లో కూర్చుని మాట్లాడినా నేను కెథీడ్రల్ వైపు తిరిగాను.

ఇక అప్పట్నుంచీ నాకు ఆ దేశం రాజకీయాలు ఒక అలవాటైపోయాయి. 2019 అయితే చెప్పక్కర్లేదు. కామెరాన్ తర్వాత ప్రధాని అయిన థెరిసా మే, యూరోపియన్ యూనియన్ నుంచి ఎలా వెళ్ళిపోవాలో కుదుర్చుకొచ్చిన ఒప్పందం మీద జనవరి 15న ఓటింగ్. మనకి అర్ధరాత్రి దాటి ఒంటిగంట. 432కి 202. సొంత పార్టీ వాళ్ళే ముంచేశారు, 230 ఓట్ల తేడా. ప్రభుత్వం ఆ స్థాయిలో ఓడిపోవడం ఆధునిక చరిత్రలోనే లేదు. మర్నాడు అవిశ్వాస తీర్మానం పెడితే అదే ప్రభుత్వం 325కి 306తో గెలిచింది. క్లాసులో చెప్తే పిల్లలు "అదెలా టీచర్?" అన్నారు. చట్టం నచ్చకపోవడం వేరు, కుర్చీ పోవడం వేరు అన్నాను. వాళ్ళకి వెంటనే అర్థమైంది. స్పీకర్ జాన్ బెర్కో "ఆర్డర్! ఆర్డర్!" అని అరిచే తీరు మావారికి పట్టుబడిపోయింది. నేనూ మా అమ్మాయీ ఏ విషయం మీదైనా గొంతు పెంచామంటే, ఆయన సోఫాలోంచి "ఆర్డర్!" అనేవారు. సెప్టెంబరు 24న సుప్రీంకోర్టులో పదకొండు మంది జడ్జీలు ఒకే మాటగా, అప్పటికి ప్రధాని అయిన బోరిస్ జాన్సన్ సలహాతో పార్లమెంటుని అయిదు వారాలు మూయడం చెల్లదన్నారు. ఆ తీర్పు చదివిన కోర్టు అధ్యక్షురాలు బ్రెండా హేల్ గారి నల్ల గౌను మీద పెద్ద సాలీడు బ్రోచ్. రాతలో ఒకే పుస్తకంగా రాజ్యాంగం లేని దేశంలో కోర్టు అలా అనగలిగిందంటే, అదొక పూర్తి పీరియడ్ పాఠం. నాకు పండగ.

నాకు పండగేనండీ. ఆ తీర్పు సంగతి మా చెల్లెలికి ఫోన్లో ఉత్సాహంగా చెప్తుంటే, అది కాసేపు విని, "అక్కా, నీకిది సీరియల్. నాకు ఇల్లు" అంది. పక్కింటి పోలండు ఆవిడ అప్పుడు సెటిల్డ్ స్టేటస్ కోసం, అంటే ఇక మీదట కూడా అక్కడే ఉండే హక్కు కోసం, దరఖాస్తు పెడుతోంది. ఫోన్లో ఒక యాప్. పాస్‌పోర్టుని ఫోనుకి ఆనించి స్కాన్ చేయాలి, మొహం తిప్పి ఫోటో దిగాలి. దాంట్లో పదిహేనేళ్ళ జీవితానికి అయిదేళ్ళ రుజువు అడుగుతుంది. మా చెల్లెలు పక్కన కూర్చుని సాయం చేసింది. ఆవిడ ఏడవలేదట. "నేను అతిథిని అని నాకు ఎవరూ చెప్పలేదు" అందట, అంతే.

ఆ ఏడాది డిసెంబరులో మా చెల్లెలు వాళ్ళు సెలవులకి ఇంటికొచ్చారు. 12న అక్కడ ఎన్నికలు. తెల్లవారుజామున మూడున్నరకి ఎగ్జిట్ పోల్. నేనూ మరిదీ టీ పెట్టుకుని కూర్చున్నాం, మిగతా అందరూ నిద్ర. జాన్సన్ భారీగా గెలుస్తున్నాడని వచ్చింది. చివరికి ఎనభై సీట్ల మెజారిటీ. "ఇంకేముంది, అయిపోయింది. జనవరి 31కి వెళ్ళిపోతారు" అన్నాను. "అదే మంచిది వదినా" అన్నాడు. నేను తిరిగి చూశాను. "అదేమిటి?" అంటే, చాలాసేపు కప్పులోకి చూసి, "నేను ఆ రోజు వెళ్ళిపోదాం అనే వేశాను" అన్నాడు.

నేను పద్దెనిమిది రోజులు భోంచేసిన ఇంట్లో! నాకు పోలింగ్ కార్డు చూపించిన మనిషి! "ఒక్కరంటే ఒక్కరు" అని స్టాఫ్ రూములో నేను ప్రకటించినప్పుడు లెక్కలో ఈయన కూడా ఉన్నాడు. మా చెల్లెలికి కూడా అప్పటిదాకా చెప్పలేదట. ఎందుకలా వేశావని అడిగాను. "యూరప్ వాళ్ళకి తలుపు మూస్తే మన వాళ్ళకి వీసాలు పెరుగుతాయని అప్పుడు చాలామంది అన్నారు. మన డాక్టర్లు, నర్సులు పరీక్షల మీద పరీక్షలు రాసి రావాలి, వాళ్ళు విమానం ఎక్కి వచ్చేయొచ్చు. అది న్యాయంగా అనిపించలేదు" అన్నాడు. మరి పక్కింటావిడ అంటే, "ఆమె గురించి నేను ఆలోచించలేదు. ఓటు వేసేటప్పుడు యూరప్ అనుకున్నాను, ఆమె అనుకోలేదు" అన్నాడు. ఈ మనిషే ఆవిడ కూతుర్ని రోజూ తన కారులో బడి దగ్గర దింపుతాడు.

ఇందులో ఇంకో మెలిక ఉంది. ఆయన లెక్క పూర్తిగా తప్పు కాలేదు. యూరప్ నుంచి రాకపోకలు తగ్గాయి, మిగతా దేశాల నుంచి పెరిగాయి. 2023 జూన్‌తో ముగిసిన ఏడాదికి అక్కడ నికర వలస, అంటే వచ్చినవాళ్ళలోంచి వెళ్ళిపోయినవాళ్ళని తీసేస్తే మిగిలే లెక్క, తొమ్మిది లక్షలు దాటింది. బయటి దేశాల నుంచి వచ్చినవాళ్ళలో మనవాళ్ళే ఎక్కువ. సండర్లాండ్ పెద్దాయన దీనికోసమా ఓటేసింది? ఆయనా మా మరిదీ ఒకే గడిలో గుర్తు పెట్టారు. ఒకరు కోరుకున్నది ఇంకొకరికి గిట్టదు.

అలా పెరిగిన వాళ్ళలో మా అమ్మాయి కూడా ఉంది. ఇంజనీరింగ్ అయ్యాక 2022 సెప్టెంబరులో మాస్టర్స్‌కి లండన్ వెళ్ళింది. చదువయ్యాక రెండేళ్ళు ఉండి పని చేసుకునే గ్రాడ్యుయేట్ వీసా 2021లో మొదలైంది కదా, అదే మాకు ధైర్యం. ఎలాంటి నెలలో వెళ్ళిందో చూడండి. 6న లిజ్ ట్రస్ ప్రధాని అయింది. 8న రాణి పోయింది. మా అమ్మాయి దిగేసరికి రాణి పార్థివదేహాన్ని చూడటానికి థేమ్స్ ఒడ్డున మైళ్ళ పొడుగు క్యూ. ఆ క్యూ చివర ఎక్కడుందో చెప్పడానికి ప్రభుత్వం యూట్యూబులో లైవ్ పెట్టింది. మావారు ఇక్కడ కూర్చుని ఆ లైవ్ చూసేవారు. "సౌత్‌వర్క్ పార్కు దాకా వచ్చింది" అని నాకు వార్త. 23న ట్రస్ ప్రభుత్వం, అప్పు తెచ్చి పన్నులు తగ్గిస్తామని మినీ బడ్జెట్ పెట్టింది. 26 సోమవారం పొద్దున పౌండు 1.03 డాలరుకి పడిపోయింది. చరిత్రలో అంత కిందికి ఎప్పుడూ పడలేదు.

మాకు ఫీజు వాయిదా కట్టే వారం అది. మావారు పది గంటలకల్లా బ్యాంకులో ఉన్నారు. కట్టేసి, రసీదు ఊపుకుంటూ వచ్చి, ఎంత మిగిలిందో లెక్క చెప్పి, "ట్రస్ గారు చల్లగా ఉండాలి" అన్నారు. నేనూ నవ్వాను. సాయంత్రం చెల్లెలి ఫోన్. వాళ్ళ ఇంటి లోను పాత వడ్డీ గడువు అయిపోవచ్చింది, కొత్తది ఖాయం చేసుకోబోతుంటే బ్యాంకులు ఉన్న పథకాలన్నీ వెనక్కి తీసుకుంటున్నాయి. నెల వాయిదా ఎంత పెరుగుతుందో తెలీదు. గొంతు వణుకుతోంది. మావారు రసీదు మడిచి జేబులో పెట్టుకుని వరండాలోకి వెళ్ళిపోయారు. ఆ రోజు టీవీ పెట్టలేదు.

అన్నట్టు డబ్బా సంగతి. ఆ ఏడు నాణేలు 2017 అక్టోబరులోనే చెల్లకుండా పోయాయి. గుండ్రటి పౌండు తీసేసి పన్నెండు అంచుల పౌండు తెచ్చారు. ఇరవై పౌండ్ల కాగితం నోటు మాత్రం 2022 సెప్టెంబరు 30 దాకా చెల్లుతుంది. అమ్మాయికి ఇచ్చి పంపాం. 29వ తారీఖున ఖర్చుపెట్టి మెసేజ్ పెట్టింది. ఆ నోటు మీద ఉండేది ఆడమ్ స్మిత్ బొమ్మ. మార్కెట్ గురించి అంత రాసిన మనిషిని ఆ వారమే మార్కెట్లోంచి పంపించేశారు. (నవ్వులు)

ట్రస్ 49 రోజులు ఉంది. అక్టోబరు 25న రిషి సునాక్ ప్రధాని అయ్యాడు. ముందు రోజు దీపావళి. మా కుటుంబం గ్రూపులో ఆ రెండు రోజులూ వచ్చిన మెసేజీలు నేను చదవను, మీ గ్రూపుల్లోనూ వచ్చే ఉంటాయి. నేనూ ఒక దీపం బొమ్మ పెట్టాను, ఒప్పుకుంటున్నాను. మా మరిది మాత్రం "ఆయన మన వీసా ఆఫీసరు కాదు, వాళ్ళ ప్రధాని" అని రాశాడు. ఎవరూ లైక్ కొట్టలేదు. 2024 జనవరి నుంచి మాస్టర్స్ చదివేవాళ్ళు కుటుంబాన్ని తెచ్చుకోకూడదన్నారు. ఏప్రిల్ నుంచి ఉద్యోగ వీసాకి జీతం హద్దు 26,200 పౌండ్ల నుంచి 38,700కి పెంచారు. కొత్తగా చదువు ముగించినవాళ్ళకి కొంత తగ్గింపు ఉంటుంది గానీ, దానికీ కంపెనీలు వెనకాడాయి. ఆ నిబంధనలు వచ్చిన రోజున గ్రూపులో దీపాలు లేవు. సునాక్‌ని నేను తప్పుపట్టడం లేదు. ఆయనకి ఓటేసేవాళ్ళు అడిగింది ఆయన చేశాడు. మనం ఇక్కడ పేరు చూసి సంబరపడ్డాం.

అమ్మాయి చెప్పిన ఒక్క చిన్న సంగతి చెప్పి ముగిస్తాను. 2023లో అది ఒక ఇంగ్లీషు స్నేహితురాలితో కలిసి రైల్లో పారిస్ వెళ్ళింది. లండన్ సెయింట్ పాంక్రాస్ స్టేషన్‌లోనే ఫ్రాన్సు పోలీసులు పాస్‌పోర్టు చూస్తారు. మా అమ్మాయికి విడిగా షెంగెన్ వీసా, అంటే యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఇచ్చే వీసా, కావాలి, తీసుకుంది. ఆ స్నేహితురాలికి వీసా అక్కర్లేదు గానీ, యూరోపియన్ యూనియన్ నుంచి వెళ్ళిపోయారు కాబట్టి అప్పట్లో ముద్ర వేయించుకోవాల్సి వచ్చేది. ఎన్ని రోజులు ఉన్నారో లెక్క కట్టాలి కదా. ఇద్దరూ ఒకే వరుసలో నిలబడ్డారు. ఆ పిల్ల తన నీలం రంగు కొత్త పాస్‌పోర్టులో పడ్డ ముద్ర చూసుకుని, మా అమ్మాయి దాంట్లో ముద్ర చూసి, రెండూ పక్కపక్కన పెట్టి ఫోటో తీసింది. మూలన చిన్న రైలు బొమ్మ, లోపలికి బాణం గుర్తు. రెండింట్లోనూ ఒకటే ముద్ర. ఆ ఫోటో మావారికి చూపిస్తే, కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూసి, "వీళ్ళు కూడా మిగతా అయ్యారా పాపం" అన్నారు.

2024 జూలై 4న మా అమ్మాయి అక్కడ ఓటేసింది. బాబాయిలాగే, కామన్వెల్త్ పౌరురాలిగా. ఈసారి ఫోటో గుర్తింపు కార్డు తప్పనిసరి చేశారు, మన పాస్‌పోర్టు కూడా చెల్లుతుంది. హీత్రోలో గంటన్నర నిలబెట్టిన పాస్‌పోర్టే అక్కడ అర నిమిషంలో చూసి బ్యాలెట్ చేతికిచ్చారట. చర్చి హాల్లో పోలింగ్, దారం కట్టిన పెన్సిలు. సునాక్ ఓడిపోయాడు, ప్రతిపక్షంలో ఉన్న లేబర్ పార్టీ 411 సీట్లతో వచ్చింది. ఆ తర్వాత జీతం హద్దు ఇంకా పెరిగిందే గానీ తగ్గలేదు. రెండేళ్ళ వీసా అయిపోయింది, స్పాన్సర్ చేసే కంపెనీ దొరకలేదు, పిల్ల ఇంటికి వచ్చేసింది. బాధ ఉంది. కానీ వచ్చిన వారానికే రాత్రి పదకొండింటికి ఫోన్లో కామన్స్ చర్చ పెట్టుకుని కూర్చుంది, నాలాగే.

నేను పక్కన కూర్చుని అడిగాను, "ఇంతకీ ఆ రోజు ఎవరికి వేశావే?" అని.

"అది రహస్య బ్యాలెట్ అమ్మా. నువ్వే కదా మా క్లాసులో చెప్పావు" అంది. సివిక్స్ టీచరుకి అంతకన్నా ఏం కావాలి, ఊరుకోవాల్సిందే. కానీ ఊరుకోలేక మళ్ళీ అడిగాను. ఫోన్లోంచి తలెత్తకుండానే, "బాబాయి మూడున్నరేళ్ళకి చెప్పాడుగా? నేనూ అంతే" అంది.

ఆ లెక్కన నేను 2028 జనవరి దాకా ఆగాలి. మీరేమైనా అడగాలంటే ఇప్పుడే అడగండి.